జెఫర్సన్ రాతలు, జెఫర్సన్ పద్దులు

1820 ఏప్రిల్ 22న థామస్ జెఫర్సన్, జాన్ హోమ్స్ అనే రాజకీయ నాయకుడికి ఒక ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన వయసు 77. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసి, రెండుసార్లు అధ్యక్షుడిగా చేసి, వర్జీనియాలో కొండ మీద కట్టుకున్న మాంటిసెల్లో ఇంట్లో కాలం గడుపుతున్నాడు. మిస్సోరీని బానిసత్వం ఉన్న రాష్ట్రంగా దేశంలో చేర్చుకోవాలా వద్దా అని ఉత్తరాది, దక్షిణాది రెండుగా చీలిన రోజులవి. ఆ గొడవ అర్ధరాత్రి మోగిన అగ్నిప్రమాదపు గంటలా తనను ఉలిక్కిపడేలా చేసిందన్నాడు. బానిసత్వం గురించి ఇలా రాశాడు: “తోడేలును చెవి పట్టుకుని ఉన్నాం. పట్టుకుని ఉండనూ లేం, ప్రమాదం లేకుండా వదలనూ లేం. త్రాసులో ఒకవైపు న్యాయం ఉంది, రెండోవైపు మన ప్రాణరక్షణ ఉంది.”

అది రాసిన పది వారాలకు, జూన్ 30న, అల్లుడు జాన్ వేల్స్ ఎప్స్‌కు ఇంకో ఉత్తరం రాశాడు. ఇందులో తోడేలు లేదు, త్రాసు లేదు. రెండేళ్లకో బిడ్డను కనే ఆడమనిషి, పొలంలో అందరికన్నా బాగా పనిచేసే మగవాడికన్నా లాభమని తన లెక్క అన్నాడు. ఆమె కన్నది పెట్టుబడికి కలుస్తుందట, మగవాడి కష్టం తిండీ ఖర్చులకే పోతుందట.

ఈ రెండిట్లో అసలు జెఫర్సన్ ఎవరు? అమెరికాలో రెండు వందల ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. ఆయన్ని మెచ్చేవాళ్లు మొదటి ఉత్తరం చూపిస్తారు, తిట్టేవాళ్లు రెండోది చూపిస్తారు. శ్రీరంగనీతులు చెప్పిన పెద్దమనిషి అని ఒక్క మాటలో తేల్చేయడం మూడో దారి. అది తేలికే, కానీ దానివల్ల అర్థమయ్యేది ఏమీ లేదు. నాకు పనికొచ్చిన పద్ధతి వేరే. ప్రతి రాతనూ ఎవరికి రాశాడు, ఏ సంవత్సరం రాశాడు, ఆ మాట మీద నిలబడితే ఆయనకు ఎంత ఖర్చయ్యేది అని అడుగుతూ చదవాలి. అలా చదివితే అయోమయంగా కనిపించే ఆ కుప్పలో ఒక వరుస బయటపడుతుంది.

మొదట్నుంచీ వద్దాం. జెఫర్సన్ 1743లో పుట్టాడు. పద్నాలుగో ఏట తండ్రి పోయాడు. భూమితోపాటు మనుషులు కూడా వారసత్వంగా వచ్చారు. వర్జీనియాలో తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అని 1662లోనే చట్టం ఉంది. ఎప్స్‌కు రాసిన ఉత్తరంలోని లెక్కకు పునాది ఆ చట్టమే. తండ్రి ఎవరైనా సరే, పుట్టిన బిడ్డ తల్లి యజమాని ఆస్తి.

1769 సెప్టెంబరులో ‘వర్జీనియా గెజిట్’ పత్రికలో జెఫర్సన్ పేరుతో ఒక ప్రకటన పడింది. శాండీ అనే బానిస పారిపోయాడు, వయసు 35 ప్రాంతం, చెప్పులు కుట్టే పని తెలుసు, ఎడమచేతి వాటం, పట్టి తెస్తే బహుమతి ఇస్తానని. శాండీ దొరికాడు. 1773లో అతన్ని వంద పౌండ్లకు అమ్మేశాడు.

ఆ ప్రకటన వచ్చిన మరుసటి సంవత్సరమే, 1770లో, యువ న్యాయవాది జెఫర్సన్ కోర్టులో శామ్యూల్ హౌవెల్ అనే వ్యక్తి తరఫున వాదించాడు. హౌవెల్ ముత్తవ్వ తెల్లావిడ, ముత్తాత నల్లజాతివాడు. ఆ కారణంగా అతను 31 ఏళ్లు వచ్చేదాకా యజమాని దగ్గర కట్టుబడి పనిచేయాలి. ప్రకృతి ధర్మం ప్రకారం మనుషులందరూ స్వేచ్ఛగానే పుడతారని, తన శరీరం మీద హక్కుతోనే ప్రతి మనిషీ లోకంలోకి వస్తాడని జెఫర్సన్ వాదించాడు. కేసు ఓడిపోయాడు. ఆరేళ్ల తర్వాత ప్రపంచానికంతా తెలిసిన వాక్యానికి ఇది తొలి రూపం అనుకోవచ్చు.

1772లో పెళ్లయింది. మరుసటేడు మామగారు జాన్ వేల్స్ చనిపోతే 135 మంది బానిసలు, 11 వేల ఎకరాలు, వాటితోపాటు మామగారి అప్పులు వచ్చి పడ్డాయి. ఆ అప్పు జెఫర్సన్‌ను జీవితాంతం వదల్లేదు. వచ్చిన మనుషుల్లో ఎలిజబెత్ హెమింగ్స్, ఆమె పిల్లలు ఉన్నారు. ఆ పిల్లల్లో ఆరుగురికి తండ్రి జాన్ వేల్సే. అంటే జెఫర్సన్ భార్య మార్తాకు వాళ్లు తండ్రి వైపు చెల్లెళ్లు, తమ్ముళ్లు. మన వరసల్లో చెప్పాలంటే జెఫర్సన్‌కు మరదళ్లు, బావమరుదులు. వాళ్లే ఆయన ఆస్తి కూడా.

1776 వేసవిలో ఫిలడెల్ఫియాలో అద్దె గదుల్లో కూర్చుని “మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారు” అని రాస్తున్నప్పుడు, ఆయనకు సేవలు చేయడానికి వెంట వచ్చింది ఆ బావమరుదుల్లో ఒకడు, పద్నాలుగేళ్ల రాబర్ట్ హెమింగ్స్.

స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిలో బానిసల వ్యాపారం మీద ఒక పొడవాటి పేరా ఉంది. కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. సౌత్ కరోలినా, జార్జియా ఒప్పుకోలేదని, బానిసలను ఓడల్లో తెచ్చి అమ్మే ఉత్తరాది వాళ్లకు కూడా అది గుచ్చుకుందని జెఫర్సన్ తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ పేరాను ఆయన గొప్పతనానికి సాక్ష్యంగా చూపించడం మామూలు. కానీ దాన్ని నిదానంగా చదవాలి. నేరమంతా ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ మీద మోపాడు. మానవ స్వభావం మీదే రాజు క్రూర యుద్ధం చేశాడని, మనుషుల్ని కొనీ అమ్మే సంతను నడిపించాడని అన్నాడు. ‘మనుషులు’ అన్న మాటను పెద్ద అక్షరాల్లో రాశాడు, అది నిజంగా పెద్ద విషయమే. ఆ వెంటనే, అదే బానిసలను రాజు మన మీద తిరగబడమని రెచ్చగొడుతున్నాడని ఫిర్యాదు చేశాడు. అంతకు ముందు సంవత్సరం వర్జీనియాలో బ్రిటిష్ రాజు తరఫు గవర్నర్ డన్మోర్, తిరుగుబాటు యజమానులను వదిలి బ్రిటిష్ పక్షాన పోరాడటానికి వచ్చిన బానిసలకు విడుదల ఇస్తానని ప్రకటించాడు. యజమానుల కోపం దాని మీద. స్వేచ్ఛ దొంగిలించినందుకూ రాజే దోషి, స్వేచ్ఛ ఇస్తానన్నందుకూ రాజే దోషి. కొన్నవాళ్ల గురించి ఆ పేరాలో మాట లేదు.

ఇంకో సంగతి. బానిసల దిగుమతిని ఆపాలనడం వేరు, బానిసత్వాన్ని ఆపాలనడం వేరు. వర్జీనియాలో అప్పటికే బానిసల సంఖ్య పుట్టుకల వల్లే పెరుగుతోంది. బయటినుంచి తేవడం ఆగితే అక్కడి యజమానుల దగ్గరున్న వాళ్ల ధర పెరుగుతుందే తప్ప తగ్గదు. 1807లో అధ్యక్షుడిగా జెఫర్సన్ సంతకం చేసిన చట్టంతో 1808 జనవరి 1 నుంచి విదేశాల నుంచి బానిసలను తేవడం నిషిద్ధమైంది. మంచి చట్టం, ఆయన ఖాతాలో వేయాల్సిందే. ఆ తర్వాత దేశంలోపల వర్జీనియా నుంచి దక్షిణాది పత్తి తోటలకు మనుషుల అమ్మకం ఊపందుకుంది.

నా దృష్టిలో ఆయన బానిసత్వానికి నిజంగా గట్టి దెబ్బ వేయబోయింది ఒకే ఒక్కసారి, 1784లో. పశ్చిమాన కొత్తగా ఏర్పడే రాష్ట్రాలన్నిటిలో 1800 తర్వాత బానిసత్వం ఉండకూడదని కాంగ్రెస్ ముందు ప్రతిపాదన పెట్టాడు. ఉత్తరాన, దక్షిణాన అన్ని చోట్లా. ఒక్క ఓటు తక్కువై అది వీగిపోయింది. న్యూజెర్సీ ప్రతినిధి ఒకరు ఒంట్లో బాగోలేక రాలేదు. ఇంకా పుట్టని లక్షలాది మంది తలరాత ఒక్క మనిషి నాలుక మీద వేలాడిందని, ఆ భయంకర క్షణంలో దైవం కూడా మౌనంగా ఉండిపోయిందని రెండేళ్ల తర్వాత బాధతో రాశాడు. 1787లో ఒహాయో నదికి ఉత్తరాన మాత్రం నిషేధం వచ్చింది. దక్షిణాన అలబామా, మిసిసిపీ పత్తి సామ్రాజ్యాలయ్యాయి. మిస్సోరీ గొడవ నాటికి అదే జెఫర్సన్ మాట మార్చేశాడు. బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పోనిస్తే పలచబడి మెల్లగా పోతుందన్నాడు. 41 ఏళ్ల మనిషి కట్టాలనుకున్న గోడను 77 ఏళ్ల మనిషి వద్దన్నాడు.

ఒకే పుస్తకం, రెండు అధ్యాయాలు

జెఫర్సన్ జీవితంలో రాసి అచ్చువేసిన పూర్తి పుస్తకం ఒక్కటే, ‘నోట్స్ ఆన్ ద స్టేట్ ఆఫ్ వర్జీనియా’. ఒక ఫ్రెంచ్ దౌత్యాధికారి వేసిన ప్రశ్నలకు జవాబులుగా 1781లో మొదలుపెట్టాడు. 1785లో పారిస్‌లో తన పేరు లేకుండా 200 ప్రతులు వేయించి తెలిసినవాళ్లకు పంచాడు. బానిసత్వం మీద తన విమర్శ వర్జీనియాలో యజమానులకు కోపం తెప్పించి అసలుకే మోసం తెస్తుందని ఆయన భయం. 1787లో లండన్‌లో బహిరంగంగా అచ్చయింది.

పద్దెనిమిదో ప్రశ్నకు జవాబు చదివితే ఇది బానిసల యజమాని రాసిందేనా అనిపిస్తుంది. యజమానికీ బానిసకూ మధ్య జరిగేదంతా ఒకవైపు ఆగని నిరంకుశత్వం, ఇంకోవైపు దిగజార్చే లొంగుబాటు అంటాడు. తండ్రి కోపంతో ఊగిపోతుంటే బిడ్డ చూస్తాడు, ఆ ముఖకవళికలన్నీ ఒంటబట్టించుకుని తనకన్నా చిన్న బానిస పిల్లల మీద ప్రయోగిస్తాడు, అలా రోజూ నిరంకుశత్వంలో శిక్షణ పొందుతూ పెరుగుతాడు అంటాడు. యజమానుల ఇళ్లలో పిల్లలు ఎలా తయారవుతారో ఇంత దగ్గరగా చూసి రాసినవాళ్లు తక్కువ. ఆ తర్వాత వచ్చేది అందరూ ఉదహరించే వాక్యం: “దేవుడు న్యాయమూర్తి అని, ఆయన న్యాయం ఎల్లకాలం నిద్రపోదని తలుచుకుంటే నా దేశం గురించి వణుకు పుడుతుంది.”

నాలుగు ప్రశ్నలు వెనక్కి తిప్పితే అదే పుస్తకంలో పద్నాలుగో జవాబు ఉంది. ఇక్కడ నల్లజాతివాళ్ల రంగు, చెమట, నిద్ర, ప్రేమ, దుఃఖం ఒక్కొక్కటీ తీసుకుని తూకం వేస్తాడు. వాళ్ల బాధలు ఎక్కువసేపు నిలవవు అంటాడు. ఊహాశక్తి మొద్దుబారి ఉంటుంది అంటాడు. బానిసగా బోస్టన్ చేరి, ఇరవై ఏళ్లకే లండన్‌లో కవితా సంపుటి వేయించుకున్న ఫిలిస్ వీట్లీని, మతం ఆమెను తయారుచేసిందిగానీ కవిని తయారుచేయలేకపోయిందని ఒక్క వాక్యంలో తోసేస్తాడు. చివరికి, నల్లవాళ్లు శరీరంలోనూ బుద్ధిలోనూ తెల్లవాళ్లకన్నా తక్కువ అన్నది “అనుమానంగా మాత్రమే” చెబుతున్నాను అంటాడు. శాస్త్రవేత్త భాషలో ముసుగు వేసిన ఆ ‘అనుమానం’ తర్వాతి డెబ్బై ఏళ్లలో బానిసత్వాన్ని సమర్థించేవాళ్లకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేం.

ఈ రెండు జవాబులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని మొదటిసారి చదివినప్పుడు అనిపిస్తుంది. నిజానికి ఆయన ఆలోచనలో అవి బాగానే కలిసిపోయాయి. కలిపే ముడి పద్నాలుగో జవాబులోనే ఉంది. బానిసల పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో పెంచి, పనులు నేర్పి, వయసు రాగానే పనిముట్లు, ఆయుధాలు, పశువులు ఇచ్చి దూరంగా వేరే చోటికి పంపేయాలని, వాళ్ల స్థానంలో తెల్లవాళ్లను బయటి దేశాలనుంచి రప్పించాలని అక్కడ ఒక పథకం చెబుతాడు. ఇక్కడే ఎందుకు ఉంచకూడదు అన్న ప్రశ్న తనే వేసుకుంటాడు. తెల్లవాళ్లలో లోతుగా పాతుకున్న ద్వేషాలు, తాము పడ్డ అన్యాయాల గురించి నల్లవాళ్లకు ఉన్న పదివేల జ్ఞాపకాలు కలిసి, ఏదో ఒక జాతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయేదాకా ఆగవని జవాబిస్తాడు.

అంటే ఆయన బానిసత్వ వ్యతిరేకత అంతటా ఒక షరతు ఉంది: విడుదలైనవాళ్లు ఇక్కడ ఉండకూడదు. వాళ్లు స్వేచ్ఛకు అర్హులే. పొరుగువాళ్లుగా ఉండటానికి మాత్రం కాదు. లక్షల మందిని సముద్రం దాటించడం అయ్యే పని కాదు కాబట్టి, విడుదల ఎప్పటికీ ‘ఇంకా సమయం రాలేదు’ దగ్గరే ఆగిపోయింది. బానిసత్వం తప్పు అని నమ్మడం, దాన్ని ఒక్క రోజు కూడా ముందుకు జరపకపోవడం, రెండూ ఒకే తలలో హాయిగా ఇమిడాయి.

ఆ షరతు ఆయన్ని ఎంత దూరం తీసుకెళ్లిందో 1824లో జేర్డ్ స్పార్క్స్‌కు రాసిన ఉత్తరంలో చూడొచ్చు. అందరినీ కొని పంపాలంటే అయ్యే ఖర్చును డాలర్లలో లెక్కవేసి, అది సాధ్యం కాదని తేల్చాడు. పసిపిల్లలనైతే పంపొచ్చు, వాళ్లకు ధర తక్కువ అన్నాడు. మరి తల్లుల నుంచి బిడ్డలను వేరుచేయడం? కొందరికి మనసు ఒప్పకపోవచ్చు గానీ, అది దోమను వడగట్టి ఒంటెను మింగడమే, అంటే చిన్న తప్పుకు జంకి పెద్ద తప్పును మింగడమే అవుతుందని బైబిల్ మాటతో సర్దేశాడు. నన్ను అడిగితే ఆయన రాసినవాటిలో అన్నిటికన్నా భయపెట్టే పేజీ ఇది. కోపం లేదు, ద్వేషం లేదు, అంతా మేలు చేసే ధోరణి.

పద్నాలుగో జవాబుకు ఆయన బతికుండగానే సవాలు ఎదురైంది. 1791 ఆగస్టులో మేరీలాండ్‌కు చెందిన బెంజమిన్ బన్నేకర్ అనే నల్లజాతి గణిత శాస్త్రజ్ఞుడు, తాను సొంతంగా గణించిన పంచాంగం చేతిరాత ప్రతిని అప్పట్లో విదేశాంగ మంత్రిగా ఉన్న జెఫర్సన్‌కు పంపాడు. దానితోపాటు పంపిన ఉత్తరంలో స్వాతంత్ర్య ప్రకటనలోని వాక్యాన్నే ఎత్తి చూపి, ఇది రాసిన మీరు నా సోదరులను మోసంతోనూ బలంతోనూ బంధించి ఉంచడం ఎంత దయనీయం అని మర్యాద తప్పకుండా నిలదీశాడు. జెఫర్సన్ పదకొండు రోజుల్లో జవాబిచ్చాడు. ఇలాంటి రుజువులు చూడాలని నాకన్నా ఎక్కువగా కోరుకునేవారు లేరని, పంచాంగాన్ని పారిస్‌లో ఫ్రెంచ్ గణిత శాస్త్రజ్ఞుడు కాండోర్సెకు పంపుతున్నానని రాశాడు, పంపాడు కూడా. 1809లో స్నేహితుడు జోయెల్ బార్లోకు ప్రైవేటుగా రాసినప్పుడు స్వరం మారింది. బన్నేకర్‌కు ఎవరో సాయం చేసి ఉంటారన్న అనుమానం, ఆ ఉత్తరం చూస్తే అతనిది చాలా మామూలు బుర్ర అన్న తీర్పు. నల్లజాతి శాస్త్రజ్ఞుడికి ఒక జవాబు, తెల్ల స్నేహితుడికి ఇంకో జవాబు.

కొండ మీద లెక్కలు

జెఫర్సన్ తన జీవితకాలంలో మొత్తం 600 మందికి పైగా మనుషులకు యజమానిగా ఉన్నాడు. మాంటిసెల్లోలో ఏ సమయంలో చూసినా 130 మంది దాకా ఉండేవారు. వాళ్ల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఇచ్చిన దుప్పట్లు, గుడ్డ గజాలు, చేపల వాటాలు అన్నీ ‘ఫార్మ్ బుక్’ అనే పద్దు పుస్తకంలో స్వదస్తూరీతో రాసుకున్నాడు. అందులో ఆవేశం ఎక్కడా ఉండదు.

1792లో జార్జ్ వాషింగ్టన్‌కు వ్యవసాయ లాభనష్టాల గురించి రాస్తూ, బానిసలు చనిపోవడం వల్ల వచ్చే నష్టం తన లెక్కలో వేయడం లేదన్నాడు. పైగా వాళ్ల సంఖ్య పెరగడం వల్ల ఏటా నాలుగు శాతం జమ వేసుకోవచ్చని రాశాడు. మొదట చెప్పిన 1820 ఉత్తరం వయసు మళ్లిన మనిషి నోరుజారుడు కాదన్నమాట. ఇరవై ఎనిమిదేళ్ల ముందే ఆ లెక్క సిద్ధంగా ఉంది.

1794లో మేకుల కార్ఖానా పెట్టాడు. 10 నుంచి 16 ఏళ్ల మగపిల్లలు తెల్లవారినప్పటి నుంచి కొలిమి దగ్గర మేకులు కొట్టేవాళ్లు. ఎవరు ఎంత ఇనుము వృథా చేశారో మొదట్లో జెఫర్సనే స్వయంగా తూకం వేసి రాసుకునేవాడు. ఆ కార్ఖానాలో పెరిగిన జేమ్స్ హబ్బర్డ్ పలుమార్లు పారిపోయాడు. 1812లో పట్టి తెప్పించి, పాత సహచరుల కళ్లెదుటే గట్టిగా కొరడాలతో కొట్టించానని జెఫర్సన్ రాశాడు. తర్వాత అతన్ని అమ్మేయమన్నాడు. నిరంకుశత్వంలో శిక్షణ గురించి రాసిన చేతే ఇదీ రాసింది.

వాషింగ్టన్ నగరం చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు మాంటిసెల్లో రెండు, రెండున్నర గంటల డ్రైవ్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లి చూపించేవాళ్లు ఉంటారు. ఐదు సెంట్ల నాణెం వెనక ఉన్న ఇల్లు అదే. అక్కడ భోజనాల గది తప్పక చూడాలి. పొయ్యి పక్కన, కింది గదిలోంచి వైన్ సీసాలను పైకి లాగే చిన్న లిఫ్ట్ ఉంటుంది. గుండ్రంగా తిరిగే తలుపుకు అరలు ఉంటాయి, అవతలివైపు పళ్లేలు పెట్టి తిప్పితే ఇవతలికి వస్తాయి. వచ్చిన అతిథులు జెఫర్సన్ తెలివికి మురిసిపోయేవాళ్లు. వడ్డించే మనుషులు వీలైనంత తక్కువగా కనిపించే ఏర్పాటు అది. ఇంటి నమూనా గీసింది కూడా ఆయనే.

శాలీ హెమింగ్స్ సంగతి చెప్పకుండా ఈ లెక్క పూర్తికాదు. ఎలిజబెత్ హెమింగ్స్ కూతురు, మార్తాకు చెల్లెలు. 1787లో 14 ఏళ్ల వయసులో జెఫర్సన్ చిన్న కూతురికి తోడుగా పారిస్ వెళ్లింది. ఆమె అన్న జేమ్స్ అప్పటికే అక్కడ ఫ్రెంచ్ వంట నేర్చుకుంటున్నాడు. ఫ్రాన్స్‌లో వాళ్లు విడుదల కోరి కోర్టుకు వెళ్లొచ్చు. జెఫర్సన్ వల్ల అప్పటికే గర్భంతో ఉన్న తన తల్లి తిరిగి రానందని, పుట్టబోయే పిల్లలకు 21 ఏళ్లు రాగానే స్వేచ్ఛ ఇస్తానని జెఫర్సన్ మాటిచ్చాకే వచ్చిందని ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహాయోలోని ఒక పత్రికకు చెప్పాడు. చరిత్రకారులు చాలాకాలం ఆ మాటను పక్కనపెట్టి, తండ్రి ఆయన కాదని జెఫర్సన్ మనవలు చెప్పిన కథనే నమ్మారు. 1998లో డీఎన్ఏ పరీక్ష శాలీ చిన్న కొడుకు ఎస్టన్ వంశానికీ జెఫర్సన్ కుటుంబపు మగ సంతతికీ సంబంధం చూపించింది. 2000లో మాంటిసెల్లోను నడిపే సంస్థే, శాలీ పిల్లల తండ్రి జెఫర్సనే అయ్యే అవకాశం చాలా ఎక్కువ అని తేల్చింది. కొందరు ఇప్పటికీ ఒప్పుకోరు. దీన్ని ప్రేమకథగా రాసేవాళ్లున్నారు. చట్టం ప్రకారం కాదనే హక్కే లేని పద్నాలుగు, పదహారేళ్ల పిల్లకూ, ఆమె యజమానికీ మధ్య ఆ మాట ఎలా కుదురుతుందో నాకైతే అర్థం కాదు.

నల్ల, తెల్ల రక్తాలు కలవకూడదని పద్నాలుగో జవాబులో రాసిన మనిషి ఇంట్లో జరిగింది ఇది.

“అప్పటి కాలం అలాంటిది”

జెఫర్సన్‌ను విమర్శిస్తే వెంటనే వచ్చే జవాబు, ఆయన్ని మన కాలపు కొలతలతో కొలవకూడదని. సరే, ఆయన కాలపు కొలతలతోనే, ఆయన జిల్లా మనుషులతోనే కొలుద్దాం.

1782లో వర్జీనియా చట్టం మారి, యజమానులు ఇష్టపడితే బానిసలను విడుదల చేయడానికి వీలు కలిగింది. 1791లో అదే రాష్ట్రంలో రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి 450 మందికి పైగా విడుదల చేయడానికి పత్రం రాశాడు. జెఫర్సన్‌కు న్యాయశాస్త్రం చెప్పిన గురువు జార్జ్ వైత్ తన దగ్గరున్నవాళ్లలో పలువురికి స్వేచ్ఛ ఇచ్చాడు. జార్జ్ వాషింగ్టన్ తన సొంత బానిసలు 123 మందికి వీలునామాలో విడుదల రాసి 1799లో చనిపోయాడు.

అందరికన్నా సూటిగా అడిగింది ఎడ్వర్డ్ కోల్స్. అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ కార్యదర్శి, జెఫర్సన్ జిల్లావాడే, వయసు 27. 1814 జూలైలో జెఫర్సన్‌కు ఉత్తరం రాసి, మీరు ఒక్క మాట అంటే వర్జీనియా వింటుంది, విడుదల ఉద్యమానికి ముందు నిలబడండి అని అడిగాడు. తాను బానిసలను విడిపించి రాష్ట్రం వదిలి వెళ్లబోతున్నానని కూడా చెప్పాడు. జెఫర్సన్ జవాబు మర్యాదగా, అందంగా ఉంటుంది. ఈ పని యువకులది, ముసలితనంలో నావల్ల కాదు, నా ప్రార్థనలు మాత్రం ఉంటాయి అన్నాడు. అక్కడితో ఆగలేదు. వాళ్లను వదిలేయకు, నీ రాష్ట్రంతో, దాని దురదృష్ట స్థితితో సర్దుకుపో అని సలహా ఇచ్చాడు. తాను చేయనన్నాడు సరే, చేస్తానన్న కుర్రాడిని కూడా ఆపబోయాడు. కోల్స్ వినలేదు. 1819లో వాళ్లను తీసుకుని ఇల్లినాయిస్ బయల్దేరి, దారిలో ఒహాయో నది మీదే స్వేచ్ఛ ప్రకటించి, కుటుంబానికి 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చాడు. తర్వాత ఆ రాష్ట్ర గవర్నరై, అక్కడ బానిసత్వాన్ని తేవాలన్న ప్రయత్నాన్ని 1824లో ఓడించడానికి ముందుండి పనిచేశాడు.

డబ్బు లేక చేయలేదు అనే వాదన కూడా ఉంది. అప్పులున్నమాట నిజం. అప్పులవాళ్లు బానిసలను జప్తు చేయొచ్చు. 1806 తర్వాత, విడుదలైనవాళ్లు ఏడాదిలోగా రాష్ట్రం వదిలిపోవాలన్న చట్టమూ వచ్చింది. ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. కానీ పోలండ్ వీరుడు కోష్చూష్కో 1798లో ఒక వీలునామా రాశాడు. అమెరికాలో తన సొమ్ముతో బానిసలను కొని విడిపించి చదివించాలని, జెఫర్సన్ సొంత బానిసలైనా సరే అని, ఆ పని జెఫర్సన్ చేతిలోనే పెట్టాడు. 1817లో కోష్చూష్కో పోయాడు. ఇంకొన్ని వీలునామాలు బయటపడటంతో చిక్కులు ఉన్నమాట నిజమే. జెఫర్సన్ 1819లో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు. ఆ డబ్బుతో ఒక్క మనిషి కూడా విడుదల కాలేదు. మరోపక్క ఫ్రెంచ్ వైన్, పుస్తకాలు, ఇంటి మరమ్మతులు ఆగలేదు. ఇంటి పనుల కోసం 1790లలో డచ్ బ్యాంకర్ల దగ్గర అప్పు తెచ్చినప్పుడు తాకట్టు పెట్టింది కూడా బానిసలనే.

1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, జెఫర్సన్ చనిపోయాడు. అప్పు లక్ష డాలర్లు దాటింది. బతికుండగా చట్టప్రకారం విడుదల చేసింది ఇద్దరిని, రాబర్ట్, జేమ్స్ హెమింగ్స్. వీలునామాలో ఐదుగురిని, అందులో శాలీ కొడుకులు మాడిసన్, ఎస్టన్ ఉన్నారు. శాలీ మరో ఇద్దరు పిల్లలు బెవర్లీ, హారియెట్ 1822 ప్రాంతంలో వెళ్లిపోతుంటే అడ్డుకోలేదు. అందరూ హెమింగ్స్ కుటుంబం వాళ్లే. శాలీ పేరు వీలునామాలో లేదు.

1827 జనవరిలో మాంటిసెల్లోలో వేలం జరిగింది. అమ్మకానికి పెట్టింది 130 మంది మనుషులు, పశువులు, సామాన్లు. వీలునామాలో స్వేచ్ఛ దొరికిన కమ్మరి జో ఫోసెట్ తన భార్య ఈడిత్‌ను, పిల్లలను వేర్వేరు మనుషులు కొనుక్కుపోవడం చూశాడు. తర్వాత ఏళ్ల తరబడి పనిచేసి, అయినవాళ్ల సాయంతో వాళ్లలో కొందరిని తిరిగి కొన్నాడు. వేలం నాటికి పదకొండేళ్లున్న పీటర్ ఫోసెట్‌కు స్వేచ్ఛ దొరకడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. సిన్సినాటిలో బాప్టిస్టు పాస్టర్ అయి, తను పుట్టిన కొండను 1900లో మళ్లీ వచ్చి చూశాడు.

రాతల సంగతి అక్కడితో అయిపోలేదు. 1859లో లింకన్ జెఫర్సన్‌కు జేజేలు పలికాడు. ఒక దేశ విముక్తి పోరాటం మధ్యలో, ఎల్లకాలానికీ వర్తించే సత్యాన్ని స్వాతంత్ర్య ప్రకటనలో చేర్చినందుకు. రెండేళ్ల తర్వాత, 1861 మార్చిలో, అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సవానాలో మాట్లాడుతూ జెఫర్సన్ తరం వాళ్ల ఆలోచన మూలంలోనే తప్పు అన్నాడు. జాతులు సమానమన్న ఊహ మీద వాళ్లు నిలబడ్డారని, తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి దానికి సరిగ్గా వ్యతిరేకమని ప్రకటించాడు. పద్నాలుగో జవాబు గుర్తుంటే స్టీఫెన్స్ ఆ మూలరాయి కోసం అంత దూరం పోనక్కర్లేదు.

వీళ్లిద్దరికన్నా ముందే ఆ పుస్తకాన్ని నిశితంగా చదివినవాడు డేవిడ్ వాకర్. బోస్టన్‌లో పాత బట్టల దుకాణం నడిపే నల్లజాతి మనిషి. జెఫర్సన్ పోయిన మూడేళ్లకు, 1829లో, ఒక కరపత్రం అచ్చువేసి నావికుల చేత దక్షిణాదికి రహస్యంగా చేరవేశాడు. అది దొరికితే అక్కడి ప్రభుత్వాలు వణికిపోయేవి. అందులో పద్నాలుగో జవాబులోని మాటలను తీసుకుని తిప్పికొట్టాడు. జెఫర్సన్‌ను చదవొద్దని ఆయన ఎక్కడా అనలేదు. పిల్లలున్న ప్రతి నల్లజాతి తండ్రీ ‘నోట్స్ ఆన్ ద స్టేట్ ఆఫ్ వర్జీనియా’ ఒక ప్రతి కొని కొడుకు చేతిలో పెట్టాలన్నాడు. తెల్ల స్నేహితులు మన తరఫున రాసే జవాబులు చాలవు, వాళ్లు తెల్లవాళ్లు, మనం నల్లవాళ్లం, ఈ ఆరోపణలను కాదని మనమే రుజువు చేయాలన్నాడు.